డార్జిలింగ్: త్రీ పాయింట్, సెవెన్ పాయింట్ ప్యాకేజీ తీసుకోవాలా, విడిగా తిరగాలా?

గాజువాక_శ్రీను
నవంబరు మూడో వారంలో డార్జిలింగ్ వెళ్తున్నాం, మూడు రాత్రులు. మేమిద్దరం, ఏడేళ్ళ పాప, అమ్మానాన్న. నాన్న బాగానే నడుస్తారు, అమ్మకు మోకాళ్ళ నొప్పులు. ఏజెంటు పంపిన ప్లాన్ ఇది: మొదటి రోజు చేరి విశ్రాంతి. రెండో రోజు తెల్లవారుజామున మూడింటికి లేచి త్రీ పాయింట్ (సూర్యోదయం చూసే టైగర్ హిల్, ఘూమ్ మఠం, టాయ్ ట్రైన్ పట్టాలు గుండ్రంగా తిరిగే బతాసియా లూప్), వచ్చి టిఫిన్ చేసి వెంటనే సెవెన్ పాయింట్. మూడో రోజు మిరిక్ వెళ్ళి రావడం. నాలుగో రోజు కిందికి. ఒక్కోచోట ఎంతసేపు ఆపుతారని అడిగితే ఇరవై నిమిషాలన్నాడు. జూ, పర్వతారోహణ మ్యూజియం ఇరవై నిమిషాల్లో ఎలా అవుతాయి? పైగా టాయ్ ట్రైన్ ఆ లిస్టులోనే లేదు. అడిగితే "బతాసియాలో కనిపిస్తుంది కదా సార్" అంటున్నాడు. ఇది అక్కడి పద్ధతేనా, మార్చుకోవచ్చా?

కొండదారి
పద్ధతి అదే. అక్కడ టాక్సీ స్టాండుల్లో బేరమంతా పాయింట్ల లెక్కనే. త్రీ పాయింట్ అంటే మీరు రాసిన మూడే. సెవెన్ పాయింట్‌లో జూ, జూ లోపలే ఉన్న మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్, టెన్జింగ్ రాక్, టీ తోట, రోప్‌వే, పీస్ పగోడా, ఒక ఆర్ట్ గ్యాలరీ లాంటివి కలుపుతారు. స్టాండును బట్టి ఒకటి రెండు మారతాయి. గమనించండి, జూ, ఇన్‌స్టిట్యూట్ ఒకే గేటు, ఒకే టికెట్. అయినా లెక్కలో రెండు పాయింట్లు. టెన్జింగ్ రాక్ రోడ్డు పక్కన ఒక పెద్ద బండ, రోప్‌వేకి వెళ్ళే దారిలోనే ఉంటుంది, బండి దిగకుండానే చూసేయొచ్చు. అదీ ఒక పాయింటే.

మీరు చూడాల్సింది పాయింట్లు ఎన్ని అని కాదు. దేనికి బండి కావాలి, ఏది నడిచి చూసేది, ఏది ఏ రోజు మూసి ఉంటుంది, ఇవి మూడూ తేల్చుకోండి. ఇంతకీ వారంలో ఏ రోజు చేరుతున్నారు?

గాజువాక_శ్రీను
బుధవారం మధ్యాహ్నానికి డార్జిలింగ్ చేరతాం. శనివారం దిగి, రాత్రి న్యూ జల్పాయ్‌గురి (ఎన్‌జేపీ)లో రైలు.

కొండదారి
అంటే మీ సెవెన్ పాయింట్ గురువారం పడింది. గురువారం జూకి సెలవు. జూ గేటు మూస్తే ఇన్‌స్టిట్యూట్ కూడా చూడలేరు. మీ ఏజెంటు ఏడులో రెండు అక్కడే ఎగరగొట్టాడు.

రైలుబండి_రాజు
😄 రోజులు చూడకుండా ప్లాన్ పంపాడన్నమాట. చూసేది ఐదే, డబ్బు మాత్రం ఏడుకి.

నడకమేలు
కొండదారి గారు చెప్పిన దానికి ఇంకోటి. హ్యాపీ వ్యాలీ టీ ఫ్యాక్టరీ చూడాలంటే సోమవారం వద్దు. ఆదివారం ఆకు కోత ఉండదు, కాబట్టి సోమవారం లోపల యంత్రాలు తిరగవు. మీకు ఆ సమస్య లేదు. నవంబరు చివర్లో కోత ఆగిపోతుంది, మళ్ళీ మార్చి దాకా తోట నిద్రే. మూడో వారం అంటే శరదృతువు పంట ఆఖరి రోజులు. ఆ రోజు మిషన్లు నడుస్తున్నాయో లేదో ఉదయమే హోటల్ వాళ్ళతో ఫోన్ చేయించి వెళ్ళండి.

సిలిగురి_తెలుగోడు
ఏజెంటు ప్లాన్‌లో అసలు తప్పు మిరిక్. శుక్రవారం మిరిక్ వెళ్ళి మళ్ళీ డార్జిలింగ్ రావడం, శనివారం మళ్ళీ కొండ దిగడం. మిరిక్ డార్జిలింగ్ నుంచి 49 కిలోమీటర్లు, అక్కడి నుంచి రోడ్డు సిలిగురికే దిగుతుంది. శనివారం దిగేటప్పుడే మిరిక్ మీదుగా రండి. ఉదయం ఎనిమిదికి బయల్దేరితే ఘూమ్, సుఖియాపోఖ్రి, సీమానా వ్యూ పాయింట్ (రోడ్డుకి అవతల నేపాల్ కొండలు), మిరిక్ చెరువు, భోజనం, సాయంత్రానికి ఎన్‌జేపీ. శుక్రవారం మొత్తం మిగులుతుంది.

ఒక్క జాగ్రత్త. 2025 అక్టోబరు మొదటి వారంలో పడ్డ వానకి మిరిక్ వైపు చాలాచోట్ల కొండచరియలు విరిగిపడ్డాయి, దూధియా దగ్గర ఇనుప వంతెన కూలింది. కాబట్టి ఆ దారి, ఆ వంతెన ఎలా ఉన్నాయో బయల్దేరే ముందురోజు డ్రైవర్‌నే అడగండి. బాగా లేదంటే రోహిణి రోడ్డు మీదుగా కర్సియాంగ్ చూసుకుంటూ దిగండి, నష్టమేమీ లేదు.

పద్మిని_కె
టైగర్ హిల్ మానేయొచ్చా? చిన్నపిల్ల, పెద్దవాళ్ళు. మూడింటికి లేపడం దేనికి? చౌరస్తా (మాల్ అనేది కూడా దాన్నే) వెనకాల అబ్జర్వేటరీ హిల్ చుట్టూ ఉన్న నడకదారి నుంచి కాంచన్‌జంగా చక్కగా కనిపిస్తుంది. బండ్లు రావు, కూర్చోడానికి బెంచీలున్నాయి, టీ దొరుకుతుంది.

రైలుబండి_రాజు
డార్జిలింగ్ దాకా వెళ్ళి టైగర్ హిల్ మానేయడమా? ఒప్పుకోను పద్మిని గారూ. మాల్ నుంచి ఎవరెస్ట్ కనిపించదు. టైగర్ హిల్ 2,590 మీటర్లు, ఊరి కన్నా అయిదు వందల మీటర్లకు పైగా ఎత్తు. ఎవరెస్ట్ కనిపించేది అక్కడి నుంచే.

కొండదారి
ఇద్దరూ చెప్పింది నిజమే, కానీ ఎవరెస్ట్ కోసమే అయితే ముందే తెలుసుకుని వెళ్ళండి. అక్కడి నుంచి అది సుమారు 170 కిలోమీటర్ల దూరం, వాయవ్యాన చిన్న మొనలా కనిపిస్తుంది. దాని పక్కనే మకాలు ఇంకా దగ్గరగా ఉంటుంది కాబట్టి అదే పెద్దదిగా కనిపిస్తుంది, చాలామంది మకాలుని చూసి ఎవరెస్ట్ అని ఫొటో తీసుకుని వస్తారు.

అసలు చూడాల్సింది కాంచన్‌జంగా. 8,586 మీటర్లు, దాదాపు నేరుగా ఉత్తరాన, 80 కిలోమీటర్ల దూరంలో. జనమంతా సూర్యుడి కోసం తూర్పు కటకటాల దగ్గర తోసుకుంటుంటారు. నవంబరులో సూర్యుడు కాస్త ఆగ్నేయం వైపే లేస్తాడు. అయితే ఎండ ముందు తగిలేది ఆ శిఖరానికి. సూర్యబింబం మనకు కనపడటానికి కొన్ని నిమిషాల ముందే మంచు మీద లేత ఎరుపు మొదలై కిందికి పాకుతుంది, తర్వాత బంగారు రంగు, తర్వాత తెలుపు. కాబట్టి ఉత్తరం వైపు చోటు చూసుకోండి. అటు జనం కూడా తక్కువ. ఈ ఒక్క మాట చాలా ప్యాకేజీ డ్రైవర్లు చెప్పరు.

పద్మిని_కె
ఇలా చెప్తే సరే. కానీ మబ్బు పడితే ఏమీ కనపడదు కదా. మొదటి తెల్లవారే వెళ్ళి పొగమంచు చూసి రావడం ఏం లాభం?

కొండదారి
అందుకే టైగర్ హిల్‌ని తేదీకి కట్టేయకూడదు. శ్రీను గారికి గురు, శుక్ర, శని మూడు తెల్లవారుజాములు ఉన్నాయి. ముందురోజు సాయంత్రం ఆకాశం చూసి నిర్ణయించుకోండి. సూర్యాస్తమయానికి శిఖరం బయటపడి ఉంటే, చీకటి పడ్డాక అవతల సిక్కిం వైపు నామ్చీ దీపాలు మినుకు మినుకుమని స్పష్టంగా కనిపిస్తుంటే, తెల్లారి కూడా శుభ్రంగా ఉండే అవకాశం ఎక్కువ. దీపాలు మసకగా ఉంటే హాయిగా నిద్రపోండి.

సిలిగురి_తెలుగోడు
వినడానికి బాగుంది గానీ ఒక చిక్కుంది. టైగర్ హిల్ ఎక్కే బండ్లకి కూపన్ పద్ధతి ఉంది, సంఖ్యకు పరిమితి. డ్రైవర్లు ముందురోజే తీసుకుంటారు. రాత్రి తొమ్మిదికి దీపాలు చూసి ఫోన్ చేస్తే కూపన్ ఉండదు. సూర్యాస్తమయం వరకే గడువు అనుకోండి. నవంబరు మూడో వారంలో అక్కడ పొద్దు గూకేది సుమారు నాలుగూ ముప్పావుకే. అయిదింటిలోగా డ్రైవర్‌కి అవునో కాదో చెప్పేయండి. కూపన్ తీసుకున్నావా అని మళ్ళీ ఒకసారి అడిగి రూఢి చేసుకోండి.

కొండదారి
సరైన సవరణ. దీపాల సంగతి వదిలేసి అయిదింటి ఆకాశాన్నే నమ్ముకోండి.

గాజువాక_శ్రీను
సూర్యోదయం ఎన్నింటికి? ఏజెంటు మూడింటికి లేవాలన్నాడు. అమ్మ ఎంత దూరం నడవాలి?

నడకమేలు
మూడో వారంలో సూర్యోదయం దాదాపు ఆరింటికి. మూడింటికి లేవడం మే, జూన్ నెలల లెక్క, అప్పుడు నాలుగున్నర దాటగానే వెలుతురొస్తుంది. ఏడాది పొడుగునా అదే సమయం చెప్తుంటారు. ఊరి నుంచి టైగర్ హిల్ 11 కిలోమీటర్లు. మీరు నాలుగింటికి బయల్దేరండి, దానికన్నా ఆలస్యం వద్దు. ఎందుకంటే బండ్లు ఒకదాని వెనక ఒకటి రోడ్డు పక్కనే ఆగిపోతాయి, వెనక వచ్చిన వాళ్ళు ఎత్తు రోడ్డు మీద ఎక్కువ నడవాలి. మీ అమ్మగారికి ఆ నడకే కష్టం. ముందు వెళ్తే పైదాకా బండి పోతుంది.

చలి సంగతి: ఊళ్ళో రాత్రి ఏడెనిమిది డిగ్రీలు, పైన ఇంకా తక్కువ, గాలి వేరే. ఒక మందపాటి కోటు కన్నా మూడు పొరలు మేలు: లోపల థర్మల్, మధ్యలో స్వెటర్, పైన గాలి దూరని జాకెట్. చెవులు, వేళ్ళు తప్పక కప్పాలి. పాపకి సాక్సులు రెండు జతలు. బిగుతు బూట్లలో రెండు జతలు వేస్తే రక్తం ఆడక ఇంకా చలేస్తుంది, బూట్లు కాస్త వదులువి తీసుకెళ్ళండి.

రైలుబండి_రాజు
ఇక టాయ్ ట్రైన్. లిస్టులో లేకపోవడం అన్యాయం. 1881లో దారి పూర్తయింది, పట్టాల మధ్య వెడల్పు రెండడుగులే, 1999 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. ఎన్‌జేపీ నుంచి డార్జిలింగ్ దాకా 88 కిలోమీటర్లకు ఏడు గంటలు పైనే పడుతుంది, మీకు అది వద్దు. జాయ్ రైడ్ చాలు: డార్జిలింగ్ నుంచి ఘూమ్, మళ్ళీ వెనక్కి, మొత్తం రెండు గంటలు. బతాసియాలో పది నిమిషాలు, ఘూమ్‌లో ఇరవై నుంచి ముప్పై నిమిషాలు ఆపుతారు. ఘూమ్ స్టేషన్ 7,407 అడుగులు, దేశంలో అన్నిటికన్నా ఎత్తైన రైల్వే స్టేషన్. అక్కడి చిన్న మ్యూజియం టికెట్లోనే కలిసి ఉంటుంది.

డార్జిలింగ్ స్టేషన్ ఘూమ్ కన్నా దాదాపు 600 అడుగులు కింద ఉంది. మధ్యలో దూరం ఏడు కిలోమీటర్లే. మామూలు రైలుకి ఆ వాలు పట్టదు. అందుకే 1919లో బతాసియా దగ్గర పట్టాలని గుండ్రంగా తిప్పి, ఆ ఒక్క చుట్టులోనే 140 అడుగుల ఎత్తు సర్దారు. కింద నిలబడి చూస్తే రైలు కనిపిస్తుంది, లూప్ అర్థం కాదు. రైల్లో కూర్చుని మీ బండే మీ పట్టాల మీదుగా దాటినప్పుడు అర్థమవుతుంది.

పద్మిని_కె
స్టీమా, డీజిలా? టికెట్ తేడా చాలా ఉంది కదా.

రైలుబండి_రాజు
స్టీమ్ ఖరీదెక్కువ. ఆ బీ క్లాస్ ఇంజన్ల డిజైన్ 1889 నాటిది, ఇప్పటికీ బొగ్గు చేత్తోనే కొడతారు. పాపకి చూపించాలంటే స్టీమే. కానీ బొగ్గు నుసి కిటికీలోంచి వస్తుంది, కళ్ళలో పడుతుంది. తెల్ల బట్టలు వద్దు, పాపకి కళ్ళజోడు పెట్టండి, ఇంజన్ పక్క పెట్టె కాకుండా వెనక పెట్టె దొరికితే మంచిది. అమ్మగారికి ఉబ్బసం ఉంటే డీజిల్. కొన్నిసార్లు స్టీమ్ ఇంజన్ మొరాయిస్తే డీజిల్ తగిలిస్తారు, దానికి మానసికంగా సిద్ధంగా ఉండండి. టికెట్లు ఐఆర్‌సీటీసీలో ముందే చేసుకోండి, స్టేషన్ కిటికీ దగ్గర అప్పటికప్పుడు దొరకడం అదృష్టం.

తేయాకు_తమ్ముడు
రాజన్న రైలు మొదలెడితే ఆగడు, బతాసియాలో పది నిమిషాలైనా ఆగుతుంది రైలు 😀

శ్రీను గారూ, జూకి కనీసం రెండున్నర గంటలు పెట్టండి. మొత్తం ఏటవాలు, ఎక్కడం దిగడం ఉంటుంది. అమ్మగారు గేటు నుంచి నెమ్మదిగా ఎర్ర పాండాల దగ్గర వరకు వెళ్ళి బెంచీ మీద కూర్చోవచ్చు. ఉదయం తొమ్మిది, పది మధ్య వెళ్తే ఎర్ర పాండాలు చెట్ల మీద తిరుగుతుంటాయి. ఎండెక్కితే కొమ్మ మీద తోక ముఖానికి చుట్టుకుని పడుకుంటాయి, అప్పుడు పిల్లలు నిరాశ పడతారు. మంచు చిరుత కూడా ఉంది. ఈ జూ ఆ రెండు జాతుల సంతానోత్పత్తికి పేరుపొందింది. ఆ కేంద్రంలోకి మాత్రం మనల్ని రానివ్వరు.

భాగ్యనగరం
ఆ జూ పేరు పద్మజా నాయుడు హిమాలయన్ జూలాజికల్ పార్క్. సరోజినీ నాయుడు కూతురు, పుట్టింది హైదరాబాదులోనే, 1900లో. 1956 నుంచి 1967 దాకా పశ్చిమ బెంగాల్ గవర్నరు. జూ మొదలైంది 1958లో, ఆమె పేరు పెట్టింది 1975లో. గేటు మీద ఆ పేరు చూసి చాలామంది మనవాళ్ళు ఎవరీమె అని అడుగుతారు, పాపకి ముందే చెప్పి తీసుకెళ్ళండి.

కొండదారి
జూ లోపలి ఇన్‌స్టిట్యూట్‌ని హడావిడిగా దాటేయకండి. మనిషి మొదటిసారి ఎవరెస్ట్ ఎక్కిన ఏడాదికే, 1954 నవంబరు 4న మొదలైంది. అలా ఎక్కిన ఇద్దరిలో ఒకరైన టెన్జింగ్ నార్గే అక్కడే శిక్షణ డైరెక్టరుగా పనిచేశారు, ఆయన సమాధి, విగ్రహం అక్కడే ఉన్నాయి. మ్యూజియంలో అప్పటి బూట్లు, తాళ్ళు, ఆక్సిజన్ పరికరాలు చూస్తే, అంత బరువుతో ఎలా ఎక్కారా అనిపిస్తుంది. హిమాలయాల నమూనా ఒకటుంది, టైగర్ హిల్ నుంచి చూసిన శిఖరాల్ని దాని మీద గుర్తుపట్టొచ్చు. అందుకే టైగర్ హిల్ తర్వాత ఇన్‌స్టిట్యూట్, ఈ వరుస బాగుంటుంది.

గాజువాక_శ్రీను
రోప్‌వే, రాక్ గార్డెన్ ఉంచాలా? ఏజెంటు రాక్ గార్డెన్ ఉచితంగా కలుపుతానంటున్నాడు.

నడకమేలు
రాక్ గార్డెన్ వద్దు. ఊరి నుంచి పది కిలోమీటర్లే గానీ రోడ్డు నిటారుగా దిగుతుంది, మలుపులు మరీ ఇరుకు. కొండ కడుపులో కట్టిన జలపాతం తోట అది. వానలయ్యాక నీళ్ళు తగ్గుతాయి, మెట్లు మాత్రం తగ్గవు. మోకాళ్ళ నొప్పికి అస్సలు పనికిరాదు.

సిలిగురి_తెలుగోడు
రోప్‌వే సింగమారి దగ్గర మొదలై తేయాకు తోటల మీదుగా తుక్వార్ వైపు దిగుతుంది. 2003లో ప్రమాదం జరిగాక చాలా ఏళ్ళు మూసేసి 2012లో తెరిచారు. ఎక్కేది తక్కువసేపు, లైను గంటా రెండు గంటలు. కింద దిగితే పైకి రావడానికి మళ్ళీ లైను. వెళ్తే ఉదయం తెరవగానే వెళ్ళాలి, లేదా మానేయాలి. గాలి ఎక్కువుంటే ఆపేస్తారు. మీకు శుక్రవారం ఉదయం జూ కావాలి కాబట్టి రోప్‌వే వదిలేయండి.

పద్మిని_కె
దానికి బదులు పీస్ పగోడా. గోడల మీద బుద్ధుడి జీవిత ఘట్టాలు చెక్కి ఉంటాయి. పక్కన జపాన్ గుడిలో ఢంకా మోగిస్తూ ప్రార్థన చేస్తారు, పాప చేతికి కూడా చిన్న వాద్యం ఇస్తారు. ప్రశాంతంగా ఉంటుంది, బండి దగ్గరదాకా వెళ్తుంది.

ఘూమ్ మఠం అంటే యిగా ఛోలింగ్‌కే తీసుకెళ్ళమనండి. 1850 నాటిది, లోపల పదిహేను అడుగుల మైత్రేయ బుద్ధుడు. రోడ్డు పక్కనే కనపడే మరో మఠం దగ్గర ఆపి ఇదే అనే డ్రైవర్లున్నారు. పేరు చెప్పి అడగండి.

తేయాకు_తమ్ముడు
హోటల్ ఎక్కడ తీసుకున్నారో చెప్పలేదు. చౌరస్తా మాల్ మీదికి బండ్లు రావు. "మాల్ దగ్గర" అని రాసిన హోటళ్ళలో చాలావాటికి బండి దిగి ఎత్తు మీద సామాను మోసుకుని నడవాలి. గాంధీ రోడ్డు మీద అయితే గుమ్మం దాకా బండి వస్తుంది, చౌరస్తా కూడా దగ్గరే. బుక్ చేసే ముందు రెండే ప్రశ్నలు: బండి దిగాక ఎన్ని మెట్లు? వేడినీళ్ళు ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా? ఆ ఊళ్ళో నీళ్ళకి ఎప్పుడూ కటకటే, సెంచల్ చెరువుల నుంచి వచ్చేది జనానికే చాలదు. బకెట్ లెక్క చెప్తే హోటల్ వాళ్ళ మీద కోప్పడకండి.

గాజువాక_శ్రీను
గాంధీ రోడ్డులో మారుస్తాను. పెద్దవాళ్ళకి భోజనం? ఇద్దరూ శాకాహారులు.

భాగ్యనగరం
శాకాహార మోమో, థుక్పా (నూడుల్స్ సూప్), ఆలూ దమ్, సేల్ రోటీ (బియ్యప్పిండితో వేయించిన రింగు) దొరుకుతాయి. థుక్పా చెప్పేటప్పుడు మాంసం మరిగించిన నీళ్ళా, కూరగాయలవా అని అడగాలి. నెహ్రూ రోడ్డు వైపు పూర్తి శాకాహార హోటళ్ళున్నాయి, అన్నం, పప్పు, దోశ కూడా పెడతారు. ఆవకాయ, కందిపొడి పట్టుకెళ్ళండి. గదిలో కెటిల్‌తో అన్నం వండుదాం అనుకుంటే మాత్రం కుదరదు. ఆ ఎత్తులో నీళ్ళు 93 డిగ్రీలకే మరుగుతాయి, కుక్కర్ లేకుండా బియ్యం పలుకు మిగులుతుంది.

తేయాకు_తమ్ముడు
టీ కొనేటప్పుడు: డార్జిలింగ్ టీ మన దేశంలో భౌగోళిక గుర్తింపు పొందిన మొదటి సరుకు. ప్యాకెట్ మీద ఆ ముద్ర, తోట పేరు, పంట కాలం, మూడూ ఉండాలి. విడిగా సంచుల్లో పోసి అమ్మేదాంట్లో పక్క దేశం నేపాల్ ఆకు కలిసి ఉండొచ్చు. మార్చి, ఏప్రిల్ పంట లేతగా, కాస్త పచ్చి వాసన. మే, జూన్ పంటకి ద్రాక్ష లాంటి ఘుమఘుమ ఉంటుంది, పచ్చదోమలు ఆకు కొరకడం వల్లే అది పుడుతుంది. శరదృతువు పంట ముదురు రంగు, ధర కొంచెం తక్కువ, మన నాలుకకి అదే నచ్చుతుంది. కప్పుకి రెండు గ్రాములు, మరిగి దించిన నీళ్ళు, మూడు నిమిషాలు, అంతే. అయిదు నిమిషాలు ఉంచితే చేదు. పాలు పోసి కాయడానికైతే డబ్బు తగలేయొద్దు, మామూలు డస్ట్ టీ కొనుక్కోండి.

గాజువాక_శ్రీను
ఇలా మార్చాను, చూడండి. బుధ సాయంత్రం: చౌరస్తా, అబ్జర్వేటరీ హిల్ నడక. గురు: ఆకాశం బాగుంటే టైగర్ హిల్, తిరుగుదారిలో ఘూమ్ మఠం. మధ్యాహ్నం స్టీమ్ జాయ్ రైడ్. శుక్ర: తొమ్మిదికి జూ, ఇన్‌స్టిట్యూట్, తర్వాత హ్యాపీ వ్యాలీ, సాయంత్రం పీస్ పగోడా. గురువారం మబ్బుంటే టైగర్ హిల్ శుక్రవారానికి. శని: మిరిక్ మీదుగా దిగడం.

సిలిగురి_తెలుగోడు
రెండు మార్పులు. జాయ్ రైడ్ మధ్యాహ్నం మూడు తర్వాతది తీసుకోకండి, నాలుగూ ముప్పావుకే పొద్దు గూకుతుంది, బతాసియాలో కొండ కనపడదు. పొద్దున్న పదీ పదకొండు ప్రాంతంలోది చూడండి. రెండు, పీస్ పగోడా శుక్రవారం సాయంత్రం కాకుండా గురువారం రైలు దిగాక మధ్యాహ్నమే పెట్టండి, స్టేషన్ నుంచి దగ్గర. శుక్రవారం హ్యాపీ వ్యాలీ తర్వాత చౌక్ బజార్‌లో కొనుగోళ్ళు. మూడింటి నుంచి అయిదు దాకా ఘూమ్ వైపు హిల్ కార్ట్ రోడ్డు జామ్, ఆ సమయంలో అటు బండి ఎక్కకండి.

రైలుబండి_రాజు
పదకొండు లోపు స్టీమ్ లేకపోతే అప్పుడు డీజిల్ తీసుకోవడమే మేలు. చీకట్లో స్టీమ్ కన్నా వెలుతుర్లో డీజిల్.

గాజువాక_శ్రీను
సరే, అలాగే. సిలిగురి నుంచి వచ్చే బండినే మూడు రోజులూ ఉంచుకోనా, ఊళ్ళో వేరే మాట్లాడుకోనా?

సిలిగురి_తెలుగోడు
వేరే మాట్లాడుకోండి. బయటి బండ్లతో ఊళ్ళో పాయింట్లు తిప్పితే స్థానిక డ్రైవర్లతో గొడవలవుతుంటాయి, దారిలో ఆపేస్తే ఇబ్బంది పడేది మీరే. ఎక్కడానికి ఒక బండి, దిగడానికి ఒక బండి, గురు శుక్రవారాలకి ఊరి బండి. పాయింట్ల లెక్క కాకుండా గంటల లెక్కన బేరమాడండి. ఆగే సమయం, పార్కింగ్, టైగర్ హిల్ కూపన్ అందులోనే అని ముందే చెప్పించుకోండి. ఎక్కేటప్పుడు పాపని ముందు సీట్లో అమ్మ పక్కన కూర్చోబెట్టండి, పంఖాబారి రోడ్డు వద్దు, రోహిణి మీదుగా రమ్మనండి. మలుపులు తక్కువ, వాంతులూ తక్కువ.